కంటి కొసన ఆగిన వేలు

మా ఇంట్లో తాడేపల్లిగూడేనికి ఒక గుర్తు ఉంది. చూపుడువేలితో కంటి కొసను తుడిచి, వెంటనే రెండు చేతులతో ఉల్లిపాయ పొర ఒలిచినట్టు చూపించాలి. రెండూ కలిస్తేనే గూడెం. మొదటిది ఒక్కటే చేస్తే ఏడుపు. రెండోది ఒక్కటే చేస్తే వంటింట్లో కూర పని. ఈ గుర్తు పెట్టింది మా చెల్లెలు. చిన్నప్పుడు జ్వరమొచ్చి దానికి వినికిడి పోయింది, దాంతోపాటే మాటా ఆగిపోయింది. అయినా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పేది అదే.

మేం తిరిగే ఊళ్లన్నిటికీ అదే పేర్లు పెట్టింది. మా ఏలూరంటే అరచేత్తో తివాచీ నిమిరినట్టు నిమరాలి. అమ్మమ్మ వాళ్లది కొల్లేటి లంక. గడ్డం కింద చెయ్యి సంచిలా వేలాడదీసి ఊపితే గూడబాతు ముక్కు, అదే కొల్లేరు. నల్లజర్లకి ఏం పెట్టిందో మాత్రం చెప్పను. అక్కడ మా మేనత్త ఉంటుంది, ఆ గుర్తు ఆవిడ నడక.

గూడెం గుర్తు నా పెళ్లి తర్వాత పుట్టింది. నన్ను దింపడానికి మొదటిసారి వచ్చినప్పుడు రిక్షా ఉల్లి మార్కెట్టు మీదుగా వచ్చింది. అది ఆదివారం. లారీల నుంచి బస్తాలు దింపుతున్నారు. చెల్లెలు ముక్కు ఎగబీలుస్తూ కళ్లు తుడుచుకుంటూ నా అత్తవారింట్లో అడుగుపెట్టింది. అక్కను విడిచి ఉండలేక ఏడుస్తోంది పాపం అని మా అత్తగారు దగ్గరికి తీసుకున్నారు. అది చేతులతో ఉల్లిపాయ ఒలిచి చూపించి నవ్వింది. ఆ రోజు నుంచి గూడెం అదే.

రెండువేల ఆరు, ఏడు ఆ ప్రాంతంలో నేనూ మావారూ ఇంటి ముందు గదిలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాం. హాల్‌టికెట్లు, పరీక్షల రిజల్ట్స్, ఉద్యోగాల అప్లికేషన్లు, గల్ఫులో ఉన్నవాళ్లతో కబుర్లు, ఇవీ మా వ్యాపారం. మూల క్యాబిన్లో కంప్యూటరు మీద చిన్న కెమెరా బిగించాం. ఆ క్యాబిన్ మా చెల్లెలి జీవితానికి పనికొస్తుందని పెట్టిన రోజున అనుకోలేదు.

దానికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి కూడా వినలేనివాడే. బధిరుల పాఠశాలలో చదివి మద్రాసులో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తున్నాడు. మా చర్చి పాస్టరుగారికి తెలిసినవాళ్లు. అన్నగారితో కలిసి ఏలూరు వచ్చి చూసి వెళ్లాడు. మంచివాడిలాగే కనిపించాడు, నాన్నకు నచ్చాడు, అందరం చెల్లెలి ముఖంలోకి చూశాం. అది నావైపు తిరిగి చేతులతో అంది: "మీ పెళ్లికి ముందు నువ్వూ బావా ఫోన్లో ఎన్ని మాట్లాడుకున్నారు! నేను మాట్లాడకుండా ఎలా చెప్పను?"

నాన్న నిర్ఘాంతపోయాడు. నాకైతే దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను కూడా.

ఎలా మాట్లాడుకుంటారు మరి? ఫోను వాళ్లకి పనికిరాదు. సెల్లులో మెసేజీలన్నీ ఇంగ్లీషు అక్షరాలే, ఆ ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేసరికి అడిగినదేమిటో మర్చిపోతాం. మిగిలింది మా మూల క్యాబిన్. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అది ఏలూరులో ప్యాసింజరెక్కి గూడెం వచ్చేది. అతను మద్రాసులో ఒక సెంటరుకి వెళ్లి కూర్చునేవాడు.

మొదట్లో ఒకరి గుర్తులు ఒకరికి సగమే అర్థమయ్యేవి. అతనివి బడిలో నేర్పినవి, దీనివి మా ఇంట్లో పుట్టినవి. అతను అమ్మకి ఒక గుర్తు చేస్తే ఇది ఇంకోటి చేసేది. ఎవరిది సరైనదని వాదించుకునేవాళ్లు. ఆ తర్వాత ఇది గూడబాతు ముక్కు చూపించగానే అతను కొల్లేరని పట్టేసేవాడు. మా మేనత్త నడక కూడా అతనికి నేర్పిందని నాకు తర్వాత తెలిసింది. ఇది నవ్వితే గొంతులోంచి ఒక చిన్న గరగర వస్తుంది. ఆ శబ్దం క్యాబిన్లోంచి వినిపిస్తే చాలు, నేను బిల్లు కట్టేవాళ్లను కూడా మర్చిపోయి వింటూ కూర్చునేదాన్ని.

అంత బాగా సాగుతుండగా లైను నెమ్మదించింది.

మాకు ఇంటర్నెట్ ఇచ్చేది ఊళ్లోని కేబుల్ ఆయన. కిరాణా వ్యాపారం కుటుంబం, మెత్తని మాట, ఎవరింట్లో శుభకార్యం జరిగినా అరటిగెల పంపే మనిషి. ఆయన కొత్తగా సినిమాలు, పాటలు పెట్టి సొంత సైటు ఒకటి తెరిచాడు. అది నొక్కగానే వచ్చేది. కెమెరా కబుర్లు మాత్రం కుంటుకుంటూ నడిచేవి. బొమ్మ ఆగిపోతుంది, మళ్లీ కదిలేసరికి మధ్యలో నాలుగు మాటలు పోతాయి. కాగితం మీద రాసి చూపిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. చెవులున్నవాళ్లు బొమ్మ ఆగినా ఫోను చేసుకుంటారు. చేతులతో మాట్లాడేవాళ్లకి బొమ్మ ఆగితే నోరు నొక్కేసినట్టే.

ఫోను చేసి అడిగాను.

"ఆయ్, కెమెరాని వెనక్కి పెట్టానండి చెల్లెమ్మా," అన్నాడాయన, దాచకుండా. "ఉన్న లైను ఒక్కటే కదండీ. జనానికి కావలసినవి ముందు పంపాలి. మాట్లాడుకోడానికి ఫోన్లున్నాయి కదండీ."

మావారు ఆయన పక్షమే. "ఆయన లైను, ఆయన ఇష్టం. మన కొట్లో ఏ వస్తువు ముందు వరసలో పెట్టాలో ఇంకొకళ్లు చెబితే ఊరుకుంటామా?" అన్నారు.

"మన కొట్లో ముందు వరసలో ఏమున్నా వెనక వరస వస్తువు చెడిపోదండీ," అన్నాను. ఆ పూట కాఫీ ఆయనే పెట్టుకున్నారు.

చెల్లెలు మాత్రం గొణగలేదు. గుర్తులు నెమ్మదిగా చెయ్యడం మొదలుపెట్టింది. ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు ఒక్కో గుర్తు దగ్గరా చేతులు బిగబట్టి, బొమ్మ అందుకునేదాకా ఆగేది. అంత గలగలలాడే పిల్ల అలా బిగుసుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం మాట్లాడుతుండగా లైను పూర్తిగా పోయింది. అది మామూలే అనుకుని చెల్లెలు ఏలూరు వెళ్లిపోయింది. మర్నాడు అబ్బాయి అన్నగారు నాన్నకు ఫోను చేశారు.

"మాస్టారూ, తప్పుగా అనుకోవద్దండి. మావాడు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. అమ్మాయి వాడితో మాట్లాడుతూ ఏడ్చిందటండి. ఆ ఏడుపుమీదే బొమ్మ ఆగిపోయిందట. మీరు బలవంతం చేస్తున్నారేమోనని వాడి బాధ. ఇష్టం లేని పిల్లను చేసుకోనంటున్నాడు. ఇక్కడితో వదిలేద్దామండి."

నాన్న ఫోను పెట్టేసి అమ్మకు చెప్పాడు. తర్వాత నాకు ఫోను చేశాడు. నేను ఏలూరు పరిగెత్తాను. నిన్న అతనితో చివరగా ఏం చెప్పావు అని చెల్లెల్ని అడిగాను. అది ఆశ్చర్యపోతూ చేసి చూపించింది: "పెళ్లయ్యాక మొదట నిన్ను గూడెం తీసుకెళ్తా." గూడెం గుర్తు అతనికి చూపించడం అదే మొదటిసారట. కంటి కొసన వేలు పెట్టి, అలవాటుగా బిగబట్టి ఆగి, తర్వాత ఉల్లిపాయ ఒలిచింది.

అతనికి వేలు చేరింది. ఉల్లిపాయ చేరలేదు.

నాన్న వెంటనే ఆ అన్నగారికి ఫోను చేసి చెప్పాడు. వినడానికి నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అది ఏడుపు కాదండి, ఊరి పేరండి. ఉల్లిపాయలండి. మా అమ్మాయి అలా పెట్టుకుందండి." ఆ పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "అలాగేనండి మాస్టారూ, అలాగే," అన్నారట. పిల్ల ఏడిస్తే ఏ ఆడపెళ్లివారింట్లోనైనా ఏదో ఒక కారణం చెబుతారు కదా. చెల్లెలు ఉత్తరం రాసింది. పక్కన కూర్చోబెట్టి రాయించి ఉంటారనుకున్నారో ఏమో, జవాబు రాలేదు. వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటే తప్ప ఇది తేలదు. మా దగ్గర చూపించే లైను ఉంది, కానీ దాని మీద సినిమాలు వెళ్తున్నాయి.

చెల్లెలు మూడు ముద్దలు తిని లేచిపోతోందని అమ్మ చెప్పింది. మిషను మీద కూర్చుంటోంది గానీ కుట్టడం లేదట. అంతవరకు ఇష్టమని అది చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక అడగక్కర్లేదని అర్థమైంది.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వ్యాసం చూశాను. లైను మీద వెళ్లేవన్నిటినీ ఒకేలా పంపాలని రూలు ఉండాలా వద్దా అని బయటి దేశాల్లో పెద్ద వాదన నడుస్తోందట. దాని పేరు నెట్ న్యూట్రాలిటీ. నా కోపానికి ఇంగ్లీషులో ఒక పేరుందని తెలిశాక నాకు ఎక్కడలేని బలం వచ్చింది. చుట్టుపక్కల సెంటర్ల వాళ్లందరికీ ఫోన్లు చేశాను. మనకీ అలాంటి రూలు కావాలని ప్రభుత్వానికి అర్జీ పెడదామన్నాను. కేబుల్ ఆయనే తన ఆఫీసు మేడ మీద అందరినీ కూర్చోబెట్టి, పునుగులు, టీ తెప్పించాడు. తన మీద అర్జీకి తనే టిఫిను పెట్టే మనుషులు మా వైపే ఉంటారు.

పెంటపాడు నుంచి ఒకాయన, అత్తిలి నుంచి ఒకాయన, గూడెం వాళ్లు కొందరు వచ్చారు. నాన్న కూడా తన పాత స్కూటరు మీద ఏలూరు నుంచి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. నేను వ్యాసం చదవడం మొదలుపెట్టాను. నెట్ న్యూట్రాలిటీ అనగానే నాన్న అడ్డం వచ్చాడు.

"నెట్టాలంటే న్యూట్రల్‌లోనే పెట్టాలమ్మాయ్. అది తెలీనిదెవరికి? దానికి రూలెందుకు?"

మేడంతా ఘొల్లున నవ్వింది. నాన్న స్కూటరును దారిపొడుగునా ఎవరో ఒకరు నెట్టకపోతే అది స్టార్టయ్యేది కాదు, అందుకని ఆయనకు ఆ రెండు మాటలూ కలిసి వినబడితే అదే తోస్తుంది. నేను సిగ్గుపడుతూ అసలు సంగతి వివరించాను. నాన్న బుర్ర గోక్కుని, "అయితే నేనన్నదీ అదే కదే. బండిని గేరులో పెట్టేసి, నెట్టుకోండి బాబూ అంటే ఎలా కదులుతుంది?" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. కేబుల్ ఆయన కూడా నవ్వి, తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, మీ మాట కాదనను. కానీ ఒక్కటి వినండి. ఆ సినిమాల మీద వచ్చే రాబడితోనే అత్తిలిదాకా వైరు లాగానండి. అన్నీ సమానమంటే అందరికీ సమానంగా నత్తనడకే మిగులుతుంది. ఇంకోటి, రూలంటూ వస్తే పెద్ద కంపెనీలు ఎలాగోలా దాటేస్తాయండి. దొరికిపోయేది మాలాంటి చిన్నవాళ్లమే."

"మా ఊళ్లో పాటలకే వస్తారండీ జనం," అన్నాడు అత్తిలి ఆయన. "పాట ఆగితే నా కొట్టు మూతేనండి. నాకు రూలొద్దండి బాబూ."

వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు. అదే నా ఉక్రోషం. అబద్ధమైతే కేకలేసి గెలిచేదాన్ని.

"అన్నయ్యగారూ, మాట్లాడుకోడానికి ఫోనుంది కదా అన్నారు," అన్నాను. "మా చెల్లెలికి ఫోనెందుకండీ? ఏది ముందో ఏది వెనకో మీరే ఖాయం చేశారు. మీకు గుర్తురాని మనిషి సంగతి ఏమిటి? అది మీకు చెడు చెయ్యలేదు, మీరూ దానికి చెడు తలపెట్టలేదు. అయినా దాని పెళ్లి ఆగిపోయింది."

కూర్చుండిపోయాను. కేబుల్ ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ సంగతి నాకెవరూ చెప్పలేదండి," అన్నాడు. "మీ సెంటరుకి ఆ అడ్డు తీసేస్తానండి. ఈ ఆదివారం నుంచే. నాదీ పూచీ."

మావారి ముఖం వికసించింది. "చూశావా? మంచిమాటతో అయ్యేదానికి రూలెందుకు?"

"ఆయన మంచివాడు కాబట్టి అయింది," అన్నాను. "ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటేనో?" అప్పటికే అందరూ చెప్పులేసుకుంటున్నారు. అర్జీ మీద పెంటపాడు ఆయనా నేనూ సంతకాలు పెట్టాం. దాన్ని పోస్టులో వేశాను, అది ఏ బల్ల మీద చేరిందో నాకు తెలియదు.

ఆదివారం వచ్చింది. ఆయన మాట తప్పలేదు. బొమ్మ అద్దంలోలా తేటగా ఉంది. చెల్లెలు జడ వేసుకుని, చర్చికి కట్టుకున్న నీలం చీరలోనే కూర్చుంది. మేం కబురు పంపాం కాబట్టి అవతల మద్రాసు సెంటరు వాళ్లు కెమెరా వేసి ఉంచారు. కానీ అక్కడ ఖాళీ కుర్చీ కనిపిస్తోంది. వెనక గోడ మీది క్యాలెండరు కూడా కనిపిస్తోంది. మనిషి లేడు. ఆ కుర్చీనే చూస్తూ చెల్లెలు కూర్చుంది. నేను కల్పించుకుని ఏదో చెప్పబోతే నా వైపు చూడకుండానే చేత్తో ఆపింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. హాల్‌టికెట్ కోసం ఎవరో వచ్చారనుకుని తలెత్తాను. భుజాన సంచి, చేతిలో మా సెంటరు పేరు రాసుకున్న చీటీ, నలిగిన చొక్కా. అతనే. రైలు దిగి దారి అడగలేక చీటీ చూపించుకుంటూ ఉల్లి మార్కెట్టులోంచి నడిచి వచ్చాడు. కళ్లు ఎర్రగా అయిపోయి నీళ్లు కారుతున్నాయి. చూపుడువేలితో కంటి కొస తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

నేను వెళ్లి చెల్లెలి భుజం తట్టాను. అది తిరిగి చూసింది. అతని కంటి దగ్గర వేలిని చూసింది. గబుక్కున లేచి, రెండు చేతులూ ఎత్తి ఉల్లిపాయ పొర ఒలిచింది.

అతను దాని చేతుల వంక చూశాడు, తన వేలి వంక చూసుకున్నాడు, వెనక్కి తిరిగి వచ్చిన దారి వంక చూశాడు. అప్పుడు అర్థమై తల పట్టుకున్నాడు. క్యాబిన్లో గరగర నవ్వు మొదలైంది. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చుకుని, టీ పెట్టాను.

"చూశావా, నెట్టూ లేదు, రూలూ లేదు, కుర్రాడు నడిచొచ్చాడు," అని మావారు ఎంతో కాలం ఏడిపించారు నన్ను.

"రైల్లో వచ్చాడండీ," అనేదాన్ని నేను. "నువ్వు ఎందుకు వెళ్తున్నావు, ఎవరితో మాట్లాడతావు అని టికెట్టిచ్చినవాడు అడగలేదు. అలాంటి లైనే నేనడిగింది."

పెళ్లయింది. చెల్లెలు మద్రాసు వెళ్లిపోయింది. ఆదివారాలు ఇప్పుడు తలకిందులయ్యాయి. కెమెరా ముందు అది అక్కడ, నేను ఇక్కడ. కేబుల్ ఆయన ఇచ్చిన మాట ప్రకారం బొమ్మ తేటగా వచ్చేది. వచ్చినంతకాలం ఆ రూలు గొడవ నేనూ మర్చిపోయాను. తర్వాత ఆయనకు ఆరోగ్యం సరిగా లేక లైనంతా ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఆయన మాట ఆయనతోనే వెళ్లిపోయింది. బొమ్మ మళ్లీ కుంటడం మొదలుపెట్టింది. ఫోను చేస్తే ఒక అమ్మాయి తియ్యగా, "మీ ప్యాకేజీలో అంతేనండి," అంది. అరటిగెల పంపే మనిషైతే వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడవచ్చు. ప్యాకేజీ ముందు ఎక్కడని కూర్చుంటాం?

ఒక ఆదివారం చెల్లెలు ఏదో చెబుతోంది. చెబుతూ చూపుడువేలు కంటి కొసకి తెచ్చింది. బొమ్మ ఆగిపోయింది.

రెండో సగం కోసం చూశాను. రాలేదు. లైను పోయింది. వాళ్లింట్లో ఫోను ఎత్తి వినేవాళ్లు లేరు.

"గూడెం అనుంటుందిలే," అన్నారు మావారు. "గూడెంలో వానలా అని అడిగుంటుంది."

"ఏడుస్తుంటేనో?"

ఆయన చొక్కా తొడుక్కుని స్టేషనుకెళ్లి టికెట్టు పట్టుకొచ్చారు. ఆ ఒక్క పనితో ఆయన వాదనంతా ఓడిపోయింది, కానీ నాకు గెలిచానన్న సంతోషం లేదు.

మర్నాడు వాళ్ల గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కాను. వాళ్లింట్లో బెల్లు నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. చెల్లెలు తలుపు తీసి, నన్ను చూసి, కంగారుగా చెయ్యి తిప్పింది, ఏమైందని. నేను సంచి కింద పెట్టి, చూపుడువేలు కంటి కొసకి ఆనించి, అక్కడే ఆపాను. కనుబొమలెత్తి అడిగాను.

అది నన్నే చూసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి ఉల్లిపాయ ఒలిచింది. గూడెం. నాకు ఊపిరి వచ్చింది, నవ్వేశాను.

అది నవ్వలేదు. వేలు మళ్లీ కంటి కొసకి తెచ్చుకుంది. ఈసారి చేతులు ఉల్లిపాయ ఒలవలేదు.